నీళ్లలో ముంచిన పట్టీ నెమ్మదిగా ఊగేది డాంపింగ్ వల్లేనా?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెబుతాను. 300 మిల్లీమీటర్ల పొడవు, 25 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందం ఉన్న స్టీల్ పట్టీని ఒక కొసన బిగించారు. రెండో కొసను ఓ రెండు మిల్లీమీటర్లు పక్కకు లాగి వదిలారు. గాలిలో సెకనుకు 9 సార్లు ఊగింది. నీళ్లలో పూర్తిగా ముంచి వదిలితే 4.8 సార్లే ఊగింది. పుస్తకంలోని ఫ్రీక్వెన్సీ సూత్రంలో ఈ రెండంకెలూ వేస్తే డాంపింగ్ (ఊపు శక్తిని తినేసే నిరోధం) నిష్పత్తి, అంటే అసలు ఊగనివ్వకుండా చేసే నిరోధంలో ఇక్కడున్నది ఎంత వంతో చెప్పే అంకె, 85 శాతం వచ్చింది. గ్రాఫ్‌లో శిఖరాలు తగ్గే తీరు నుంచి లెక్కేస్తేనేమో మొదట్లో 8 శాతం, చివర్లో 2 శాతం వచ్చాయి. గాలిలో అయితే 0.4 శాతమే. వీటిలో ఏది నిజం, స్టీల్లో జిగట ద్రవమే లేనప్పుడు 'విస్కస్ డాంపింగ్' (జిగట వల్ల కలిగే డాంపింగ్) అనడమేమిటి, కంప్యూటర్ మోడల్లో ఏ విలువ వేయాలి అని అడుగుతున్నారు.

85ను పక్కన పెట్టేయండి. 8, 2 రెండూ నిజమే. ఈ మూడంకెలూ ఎలా వచ్చాయో విడివిడిగా చూస్తే మీ మిగతా రెండు సందేహాలకూ దారి దొరుకుతుంది.

డాంపింగ్ ఉంటే ఫ్రీక్వెన్సీ తగ్గుతుందన్నది సరైన మాటే. కానీ ఎంత తగ్గుతుంది? ఒకటిలోంచి డాంపింగ్ నిష్పత్తి వర్గాన్ని తీసేసి, వర్గమూలం కట్టి, దానితో అసలు ఫ్రీక్వెన్సీని గుణిస్తే వచ్చేంతకు. 5 శాతం డాంపింగ్‌కి ఫ్రీక్వెన్సీ తగ్గేది 0.125 శాతం. 20 శాతం డాంపింగ్ ఉన్నా తగ్గేది 2 శాతమే. 9 నుంచి 4.8కి దిగిందంటే దాదాపు సగం పోయింది. అంత పని డాంపింగ్ ఒక్కటే చేయాలంటే నిజంగానే 85 శాతం కావాలి. అప్పుడు రెండో శిఖరం మొదటిదానిలో సుమారు ఇరవై వేలో వంతుకు పడిపోవాలి. అంటే కంటికి కనిపించే రెండో ఊపే ఉండకూడదు. మీ గ్రాఫ్‌లో పదికి పైగా శిఖరాలు శుభ్రంగా లెక్కపెట్టగలుగుతున్నాం. కాబట్టి ఫ్రీక్వెన్సీని తగ్గించింది డాంపింగ్ కాదు.

తగ్గించింది నీటి బరువు. పట్టీ పక్కకు కదలాలంటే ముందున్న నీరు తప్పుకోవాలి, వెనక ఖాళీలోకి నీరు రావాలి. పట్టీ వేగం పెంచుకున్నప్పుడల్లా ఆ నీటికీ వేగం ఇవ్వాల్సి వస్తుంది. దీన్ని జోడు ద్రవ్యరాశి అందాం. పలచని పట్టీకి దీని లెక్క చాలా సులువు: పట్టీ వెడల్పే వ్యాసంగా ఉన్న నీటి స్తంభాన్ని ఊహించుకోండి, దాని బరువే జోడు ద్రవ్యరాశి. మీ పట్టీ మీటరు పొడవుకు 196 గ్రాములు. 25 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న నీటి స్తంభం మీటరుకు 491 గ్రాములు. రెండూ కలిపితే 687, అంటే పట్టీ సొంత బరువుకు మూడున్నర రెట్లు. స్టిఫ్‌నెస్ (వంగకుండా ఎదిరించే గట్టిదనం) మారలేదు, బరువు మూడున్నర రెట్లయింది, కాబట్టి ఫ్రీక్వెన్సీ 1.87 రెట్లు తగ్గాలి. తొమ్మిదిని 1.87తో భాగిస్తే 4.8 వస్తుంది. మీరు కొలిచింది సరిగ్గా ఇదే. ఇంత చక్కగా కుదిరిన ప్రయోగాన్ని తప్పుగా చేశానేమోనని మీరు టెన్షన్ పడాల్సిన పని లేదు.

స్నిగ్ధత (జిగట) బొత్తిగా లేని ఊహా ద్రవంలో ముంచినా, దాని సాంద్రత నీటంత ఉంటే పట్టీ 4.8 దగ్గరే ఊగుతుంది. ఆగిపోవడం మాత్రం ఆలస్యమవుతుంది. ఈ రెండింటినీ విడదీయడానికి పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకే చాలా కాలం పట్టింది. లోలకంతో గురుత్వాన్ని కొలిచే రోజుల్లో గాలి వల్ల వచ్చే తేడాకి ఉత్ప్లవన బలం ఒక్కటే లెక్కేసేవారు. అది చాలదని, లోలకంతో పాటు కదిలే గాలి జడత్వాన్నీ కలపాలని 1828లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెసెల్ చూపించాడు. ఆ తర్వాత 1851లో అచ్చయిన వ్యాసంలో బ్రిటన్‌లో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త స్టోక్స్ ద్రవం లోపలి ఘర్షణను కూడా సమీకరణంలోకి తెచ్చి, జడత్వం వాటా ఎంత, ఘర్షణ వాటా ఎంత అని విడమరిచాడు. త్వరణంతో పాటు నడిచే బలం ఫ్రీక్వెన్సీని మారుస్తుంది, వేగంతో పాటు నడిచే బలం శక్తిని తినేస్తుంది. మీ లెక్కలో జరిగిన పొరపాటల్లా మొదటి బలం చేసిన పనిని రెండోదాని ఖాతాలో వేయడమే.

ఇక నీరు శక్తిని ఎక్కడ తింటుందో దగ్గరగా చూద్దాం. పట్టీ ఉపరితలానికి ఆనుకున్న నీరు పట్టీతోనే కదులుతుంది, జారదు. కొంచెం దూరం వెళ్తే పట్టీ జోరు దానికి అందదు. ఈ మధ్యలో ఉన్న పలచని పొరలోనే నీటి పొరలు ఒకదానిమీద ఒకటి రాసుకుంటాయి, స్నిగ్ధత వల్ల పోయే శక్తంతా అక్కడే వేడిగా మారుతుంది. ఆ పొర మందం ఎంతో తెలియాలంటే, కైనమాటిక్ స్నిగ్ధతను (స్నిగ్ధతను సాంద్రతతో భాగిస్తే వచ్చేది) రెట్టింపు చేసి కోణీయ ఫ్రీక్వెన్సీతో (ఫ్రీక్వెన్సీకి 2π రెట్లు) భాగించి వర్గమూలం కట్టాలి. మీ ఫ్రీక్వెన్సీలో నీటికి ఇది పావు మిల్లీమీటరు. అంతే. బకెట్టంత నీరున్నా పట్టీకి జిగట తగిలేది ఆ పావు మిల్లీమీటరులోనే. గాలిలో 9 హెర్ట్జ్ దగ్గర ఇదే పొర 0.7 మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే నీటిలోకన్నా మందంగా. మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు నేనే నమ్మలేక మళ్లీ వేసుకున్నాను. నీటి స్నిగ్ధత గాలికన్నా సుమారు 55 రెట్లు ఎక్కువ, కానీ సాంద్రత 800 రెట్లకు పైగా ఎక్కువ. పొర మందాన్ని తేల్చేది ఆ రెండింటి నిష్పత్తి, అందులో గాలిదే పైచేయి.

ఈ పొర ఫ్రీక్వెన్సీతో మారుతుందన్నది గుర్తుంచుకోండి. వేగంగా ఊగితే పొర సన్నబడుతుంది, సన్నబడితే రాపిడి బలం పెరుగుతుంది. కాబట్టి పుస్తకంలో ఒకే స్థిరాంకంగా రాసే డాంపింగ్ గుణకం (వేగాన్ని దేనితో గుణిస్తే నిరోధ బలం వస్తుందో ఆ అంకె) ద్రవంలో కూడా నిజానికి స్థిరం కాదు, ఫ్రీక్వెన్సీ వర్గమూలంతో పాటు పెరుగుతుంది. విస్కస్ డాంపింగ్ అచ్చంగా విస్కస్‌గా ఉండే చోటే పరిస్థితి ఇదన్నమాట.

మీ చివరి శిఖరాల్లో వచ్చిన 2 శాతం ఈ పొర పనే. గాలిలో మీకు 0.4 శాతం వచ్చిందన్నారు. అది ప్రధానంగా బిగింపుదీ, స్టీల్‌దీ. మిగతాది నీటి పొర తినేది. నా లెక్కలో కూడా ఇలాంటి పట్టీకి, చిన్న కదలికలో, అది ఒకటి రెండు శాతం మధ్యే తేలుతుంది.

మరి మొదట్లో 8 ఎందుకు? పట్టీ అంచులే కారణం. పదునైన అంచు చుట్టూ నీరు మలుపు తిరగలేదు, విడిపోయి సుడి కడుతుంది. పట్టీ అటు వెళ్లినప్పుడు ఒక సుడి, ఇటు వచ్చినప్పుడు ఇంకొకటి. ప్రతి సుడీ పట్టీ నుంచి కొంత శక్తిని పట్టుకుపోతుంది, ఆ శక్తి మళ్లీ పట్టీకి దక్కదు. ఈ నిరోధం సుమారుగా వేగం వర్గంతో పెరుగుతుంది. అందువల్ల దీన్ని డాంపింగ్ నిష్పత్తిగా మార్చి చూస్తే అది ఊపు పరిమాణంతో పాటు పెరుగుతూ పోతుంది. ఊపు సగమైతే ఈ వాటా కూడా సగమవుతుంది. మీ పట్టీ పెద్దగా ఊగుతున్నప్పుడు సుడులదే రాజ్యం. ఊపు చిన్నదయ్యేకొద్దీ వాటి వాటా కరిగిపోయి చివరికి పలచని పొర, బిగింపు మిగులుతాయి. వీలైతే నీళ్లలో ఒక చుక్క రంగు వేసి పట్టీ అంచు దగ్గర చూడండి. మొదటి రెండు మూడు ఊపుల్లో రంగు చుట్టలు చుట్టుకోవడం కనిపిస్తుంది. ఆ తర్వాత అది పట్టీ వెంటే బుద్ధిగా అటూ ఇటూ కదులుతుంది.

కాబట్టి ఏ కంపనానికైనా శిఖరాల లాగరిథమ్ తీసుకుని, ఊపుల సంఖ్యకు ఎదురుగా గీసి చూడమని నేను అందరికీ చెబుతాను. గీత తిన్నగా దిగితే డాంపింగ్ విస్కస్ లాగా ప్రవర్తిస్తున్నట్టు. మొదట నిటారుగా దిగి తర్వాత వాలు తగ్గితే ద్రవంలో సుడుల నిరోధం ఉన్నట్టు, మీ గ్రాఫ్ ఇదే. మొదట మెల్లగా దిగి చివర్లో ఒక్కసారిగా కిందికి పడిపోతే ఎక్కడో పొడి రాపిడి ఉన్నట్టు, ఎందుకంటే రాపిడి ప్రతి ఊపుకీ ఒకే మోతాదు కోసుకుంటుంది, అది చిన్న ఊపుకి పెద్ద కోత. ఈ గీత గీయకుండా మొదటి శిఖరానికీ పదో శిఖరానికీ మధ్య ఒక సగటు తీసి రిపోర్టులో ఒకే అంకె రాసేస్తే, లోపల జరుగుతున్న కథంతా కనిపించకుండా పోతుంది. ఇది చాలా చోట్ల చూశాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది.

నీటి స్నిగ్ధత ఎంత చిన్న కొలతల్లో పనిచేస్తుందో తెలియాలంటే అలల్ని చూడండి. నీటి మీద సెంటీమీటరు పొడవున్న అల స్నిగ్ధత వల్ల సుమారు 1.3 సెకన్లలో మూడో వంతు చిల్లరకు పడిపోతుంది. మీటరు పొడవున్న అలకి అదే తగ్గుదల రావడానికి మూడున్నర గంటలు కావాలి. వంద మీటర్ల అలకి నాలుగేళ్లు. 1963లో సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ బృందం అంటార్కిటికా వైపు తుఫానుల్లో పుట్టిన అలల్ని పసిఫిక్ మొత్తం దాటి అలాస్కా వరకు వెంటాడి కొలవగలిగింది. అంత పొడుగు అలకి నీటి జిగట అడ్డే కాదు.

ఇప్పుడు స్టీల్లో జిగట ద్రవం ఎక్కడుందన్న ప్రశ్న. లేదు. లోహం లోపల శక్తి పోయేది వేరే దారుల్లో. ఒక ఊపుకి పోయే శక్తి విస్కస్ డాంపర్‌లో ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది, లోహంలోనేమో చాలా మేరకు ఫ్రీక్వెన్సీతో నిమిత్తం లేకుండా ఉంటుంది. 5 హెర్ట్జ్ దగ్గర కొలిచిన డాంపింగ్ గుణకాన్ని 50 హెర్ట్జ్‌కి అలాగే వాడితే, అదే ఊపుకి పదిరెట్ల శక్తి పోతున్నట్టు చూపిస్తుంది. లోహం అలా చేయదు. అయినా అందరం విస్కస్ అనే రాస్తాం, ఎందుకంటే వేగానికి అనులోమంగా ఉండే బలం ఒక్కటే సమీకరణాన్ని సరళంగా ఉంచుతుంది, మోడ్‌లను (వస్తువు ఊగే వేర్వేరు తీరులను, ఒక్కోదానికి ఒక్కో ఫ్రీక్వెన్సీ) విడదీయనిస్తుంది. కాబట్టి నిర్మాణాల్లో డాంపింగ్ నిష్పత్తిని పదార్థ గుణంగా చూడకండి. ఫలానా ఫ్రీక్వెన్సీలో, ఫలానా ఊపులో, ఒక చుట్టుకి ఎంత శక్తి పోతోందో చెప్పే లెక్కగా చూడండి.

అసలు చాలా నిర్మాణాల్లో పదార్థం పాత్ర చిన్నది. ఒకసారి నేను బెంచ్ వైస్‌లో అల్యూమినియం పట్టీని బిగించి డాంపింగ్ కొలిచాను. ఉదయం 0.9 శాతం, మధ్యాహ్నం 0.3, మర్నాడు 0.6. పట్టీ అదే, యాక్సిలరోమీటర్ (త్వరణాన్ని కొలిచే సెన్సర్) అదే. రెండు రోజులు సాఫ్ట్‌వేర్‌ని అనుమానించాను. చివరికి వైస్ దవడల మధ్య ఒక పలచని కాగితం ముక్క పెట్టి చూస్తే అంకె రెట్టింపయింది. అప్పుడు అర్థమైంది, నేను కొలుస్తున్నది అల్యూమినియాన్ని కాదు, దవడల దగ్గర జరిగే అతి సూక్ష్మమైన జారుడుని. ఆ తర్వాత యాక్సిలరోమీటర్ వైరుని కూడా పట్టీ వెంట మైనంతో అతికించి బిగింపు వరకు తీసుకెళ్లాను. గాలిలో వేలాడే వైరు ఊగుతూ తనవంతు శక్తి తాను తీసుకుంటుంది. రెండూ సరిచేశాక 0.1 శాతం దరిదాపుల్లో అంకె నిలబడింది. మీ 0.4 శాతంలో కూడా బిగింపు వాటా పెద్దదే అయ్యుంటుంది. భవనాల డిజైన్‌లో తరచూ వాడే 5 శాతం కూడా ఇలాంటిదే. కాంక్రీటు పగుళ్లు, గోడలు, జాయింట్లు, నేల, అన్నీ కలిసి బలమైన కుదుపులో తినే శక్తికి పెట్టుకున్న ఉమ్మడి అంకె అది. చిన్న గాలికి అదే భవనం అందులో సగం కూడా చూపించకపోవచ్చు.

డాంపింగ్‌ని కావాలనే అమర్చిన చోట మాత్రం వేగానికి స్పందించే బలం కళ్లెదుట ఉంటుంది. లండన్ మిలీనియం వంతెన 2000 జూన్ 10న తెరిచారు, పక్కలకు ఊగడంతో రెండు రోజులకే మూశారు. నడిచేవాళ్లు తూలకుండా నిలదొక్కుకోవడానికి వేసే పక్క అడుగుల తోపు, వంతెన పక్కకు కదిలే వేగానికి అనులోమంగా ఉందని పరీక్షల్లో తేలింది. వేగానికి అనులోమం, కానీ ఆపే దిశలో కాదు, తోసే దిశలో. అంటే గుర్తు మారిన డాంపింగ్. జనం ఒక సంఖ్య దాటేసరికి వంతెన సొంత డాంపింగ్‌ని అది మింగేసింది. మందు కూడా దానికి తగ్గట్టే ఇచ్చారు: 37 విస్కస్ డాంపర్లు, 52 ట్యూన్డ్ మాస్ డాంపర్లు (వంతెన ఫ్రీక్వెన్సీకి సరిపెట్టి స్ప్రింగులకు కట్టిన బరువులు). 2002లో మళ్లీ తెరిచారు. 1940లో అమెరికాలోని టకోమా వంతెనను కూల్చింది కూడా గాలి వల్ల వచ్చిన ఇలాంటి రుణాత్మక డాంపింగే. దాన్ని మామూలు రెజొనెన్స్ (బయటి తోపు ఫ్రీక్వెన్సీ సహజ ఫ్రీక్వెన్సీతో కలిసి ఊపు పెరగడం) ఉదాహరణగా చెప్పడం సరికాదు.

ఆ డాంపర్ల లోపల సాధారణంగా సిలికోన్ నూనె ఉంటుంది, వేడికీ చలికీ దాని స్నిగ్ధత మామూలు నూనెలంతగా మారదు కాబట్టి. పిస్టన్ ఆ నూనెను సన్నని రంధ్రాల గుండా నెడుతుంది. రంధ్రాల ఆకారాన్ని బట్టి బలం వేగంతో పాటు తిన్నగా పెరిగేలా చేయొచ్చు, లేదా వేగం బాగా పెరిగినా బలం అంతగా పెరగకుండా పట్టి ఉంచొచ్చు. వీటిలో నాకు బాగా నచ్చే గుణం ఒకటుంది. నిర్మాణం పూర్తిగా పక్కకు ఒరిగిన క్షణంలో వేగం సున్నా, కాబట్టి తిన్నగా పనిచేసే డాంపర్ బలమూ సున్నా. స్తంభాల మీద వంపు గరిష్ఠంగా ఉన్నప్పుడు డాంపర్ అదనపు భారం వేయదు, నిర్మాణం మధ్య స్థానం దాటేటప్పుడు గట్టిగా పట్టుకుంటుంది.

అయితే డాంపింగ్ ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న నమ్మకం మాత్రం తప్పు. స్ప్రింగుల మీద కూర్చోబెట్టిన ఒక యంత్రం దగ్గర ఇది ప్రత్యక్షంగా చూశాను. యంత్రం నిమిషానికి 1500 చుట్లు, అంటే 25 హెర్ట్జ్. స్ప్రింగుల మీద దాని సహజ ఫ్రీక్వెన్సీ 5 హెర్ట్జ్. డాంపింగ్ తక్కువగా ఉన్నంతకాలం నేలకు చేరే బలం యంత్రం పుట్టించేదానిలో 4 శాతం చిల్లర. ఇంకా తగ్గిద్దామని స్ప్రింగుల పక్కన డాంపర్లు బిగించి 20 శాతానికి తెచ్చారు. నేలకు చేరేది 9 శాతం దాటింది. సహజ ఫ్రీక్వెన్సీకి 1.41 రెట్లు పైన నడిచే యంత్రానికి స్ప్రింగు పక్కన పెట్టిన డాంపర్ కంపనాన్ని నేలకు మోసుకెళ్లే వంతెన అవుతుంది. ఆన్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు 5 హెర్ట్జ్ గుండా దాటాలి కాబట్టి కొంత డాంపింగ్ తప్పదు. మేం చివరికి 5 శాతం దగ్గర ఆగాం, అక్కడ నేలకు చేరేది ఇంచుమించు మొదటి అంకే.

ఇక మీ కంప్యూటర్ మోడల్. అందులో మీరు రేలీ డాంపింగ్ ఎంచుకున్నారు, అంటే ద్రవ్యరాశికి కొంత, స్టిఫ్‌నెస్‌కి కొంత గుణకం. ఇది రెండు ఫ్రీక్వెన్సీల దగ్గర మాత్రమే మీరు చెప్పిన విలువ ఇస్తుంది. ఉదాహరణకు 2, 20 హెర్ట్జ్‌ల దగ్గర 5 శాతం కావాలని పెడితే మధ్యలో 6.3 హెర్ట్జ్ దగ్గర అది 2.9కి దిగుతుంది, 100 హెర్ట్జ్ దగ్గర 23 శాతానికి ఎగబాకుతుంది. పై మోడ్‌లు మోడల్లో నిశ్శబ్దంగా చచ్చిపోతాయి, బయట మాత్రం మోగుతూనే ఉంటాయి. మీ పట్టీ రెండో మోడ్ మొదటిదానికి 6.27 రెట్లు ఉంటుంది. అది కూడా మీకు ముఖ్యమైతే రేలీ వదిలేసి ఒక్కో మోడ్‌కి కొలిచిన నిష్పత్తిని విడిగా ఇవ్వండి.

నీళ్లలో పట్టీకైతే ముందు జోడు ద్రవ్యరాశి వేసి ఫ్రీక్వెన్సీ 4.8 వచ్చేలా చూసుకోండి. తర్వాత 2 శాతాన్ని స్థిరమైన డాంపింగ్‌గా ఇచ్చి, వేగం వర్గంతో పెరిగే నిరోధాన్ని వేరుగా జోడించండి. ఆ నిరోధానికి ఒకే ఒక గుణకం తెలియాలి, దాన్ని మీ గ్రాఫ్ మొదటి మూడు నాలుగు శిఖరాలతో సరిపెట్టుకోవచ్చు. సరిపోయిందో లేదో తెలియడానికి కొసను ఈసారి ఒక్క మిల్లీమీటరే లాగి వదలండి. మొదటి శిఖరాల దగ్గర మీకు 8 కాకుండా 5 శాతం దరిదాపుల్లో రావాలి. రాకపోతే నీటి పాత్ర గోడ పట్టీకి ఎంత దూరంలో ఉందో కొలిచి చెప్పండి. వెడల్పుకు నాలుగైదు రెట్లకన్నా దగ్గరగా ఉంటే జోడు ద్రవ్యరాశి, డాంపింగ్ రెండూ మారతాయి.